కాపలా కర్ర

మా ఇంటికి రెండో గది వేసింది ఆ ఎండాకాలంలోనే. నాలుగు గోడలూ నేనే కట్టాను. రాళ్ళు మోసింది నేను, మట్టి తొక్కింది నేను, తలుపు బిగించింది నేను. ఇప్పటికీ ఎవరైనా వచ్చి గది బాగుందంటే తల ఊపి ఊరుకుంటాను. నాకు మాట తక్కువ. మా అత్త నా గురించి అనే మాట ఒకటుండేది: "మా అల్లుడి నోట్లోంచి మాట తియ్యడం కంటే గనిలోంచి బొగ్గు తియ్యడం నయం." ఆ మాటకు మామ నవ్వేవాడు. ఆయన వినపడి నవ్వుతున్నాడో, అందరూ నవ్వుతున్నారని నవ్వుతున్నాడో ఆ ఏడు నాకొక్కడికే తెలుసనుకునేవాణ్ని.

మామ గనిలో దుంగల మేస్త్రి. మూడు వందల మీటర్ల లోతున, కొండంత బరువు నెత్తి మీద ఉన్నచోట, కప్పు ఎక్కడ నిలవాలి, ఎక్కడ కూలాలి, ఎప్పుడు కూలాలి అని చూసుకోవడం ఆయన పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆరేళ్ళు నేను ఆయన చేతికింద పనిచేశాను. ఇల్లరికపు అల్లుణ్ని. ఆయన ఇంట్లో తిండి, ఆయన వెనకే పని.

ఆ కాలంలో మేము స్తంభాలు తీస్తున్నాం. గనిలో ముందు బొగ్గును గళ్ళుగళ్ళుగా తవ్వుకుంటూ పోయి, మధ్యలో ఇంటంత స్తంభాలు వదిలేస్తారు. కప్పును మోసేవి అవే. చివర్లో ఆ స్తంభాల్నీ ఒక్కొక్కటే కోసుకుంటూ వెనక్కి వస్తారు. కాపురం ఎత్తేస్తూ గోడలు కూడా మూటగట్టుకుపోయినట్టు. వెనక మిగిలిన ఖాళీని గోఫ్ అంటారు. అక్కడ కప్పు కూలాలి. కూలకుండా వేలాడితేనే భయం. కాకపోతే అది కూలేటప్పటికి మనం ఇవతల ఉండాలి. ఆ పనిలో తెలివంతా అదే.

గోఫ్ అంచున కప్పుకు ఊతంగా ఇనుప ప్రాపులు వరసగా నిలబెడతారు. పైన కప్పుకు బోల్టులు దిగ్గొడతారు. అది కంపెనీ పద్ధతి. మామ ముఠాకు దానిమీద ఇంకో పద్ధతి ఉండేది. ఇనుప ప్రాపుల మధ్య ఒక్క కర్ర ప్రాపు నిలబెట్టేవాడు. బాగా ఎండిన దుంగ. దానికి కాపలా కర్ర అని పేరు.

మా పని మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్‌కు అది నవ్వులాట.

"ఏం మేస్త్రీ, ఇంత ఇనుము ఉండగా కట్టెపుల్ల మీద నమ్మకమా?"

"ఇనుము మీదా నమ్మకమే సార్. అది మూగది, అదే దిగులు. మోసినంతసేపు మోసి చెప్పాపెట్టకుండా జారిపోద్ది. కర్ర అట్లా కాదు. చచ్చేముందు అరుస్తుంది."

నిజమే. ఎండిన కర్ర బరువు ఎక్కుతుంటే ముందు చిటుక్కుమంటుంది, తర్వాత ఫెళ్ళున విరుగుతుంది. "చిటుక్కుమంటే సామాను సర్దుకో, ఫెళ్ళుమంటే సామాను వదిలెయ్" అని మామ కొత్తగా వచ్చినవాడికి చెప్పే మొదటి పాఠం. రెండో పాఠం పచ్చికర్ర గురించి. పచ్చికర్ర విల్లులా వంగుతుంది గానీ నోరు మెదపదు. అందుకే నిలబెట్టే ముందు సుత్తి వెనక్కి తిప్పి దుంగను కొట్టి చూసేవాడు. ఎండింది ఖణేల్‌మని మోగుతుంది. పచ్చిది బొద్దుమంటుంది, తడిసిన గోనెసంచిని తన్నినట్టు.

కాపలా కర్ర లేకుండా మా ముఠా స్తంభం దగ్గరికి పోయేది కాదు. ఓవర్‌మన్ నవ్వితే నవ్వుకోనీ అనేవాళ్ళు.

మామకు చెవులు పోతున్నాయని ఆ ఎండలకు ముందు చలికాలంలోనే కనిపెట్టాను. ముప్ఫయ్యేళ్ళు బొగ్గు పేల్చిన మోతలో ఉన్నవాడికి పోక ఏమవుతాయి? నేను వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ముందుకొచ్చి పిలిస్తే నా పెదాల కేసి చూసి పలికేవాడు. ఏడాదికోసారి జరిగే పరీక్షలో డాక్టరు వెనక నిలబడి చెవి దగ్గర వాచీ పెడతాడు. ఎదురుగా అద్దాల బీరువా ఉంది. అద్దంలో డాక్టరు చెయ్యి చూసి మామ తల ఊపి బయటికొచ్చాడు. వరండాలో నా పక్కన కూర్చుని బీడీ తీశాడు, ముట్టించలేదు.

"కనిపెట్టేశావుగా?" అన్నాడు.

నేను తల ఊపాను.

"రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలు. ఇప్పుడు చెబితే పైకి పంపి గేటు దగ్గర కూర్చోబెడతారు. గేటు దగ్గర కూర్చుని చావలేనయ్యా నేను. మీ అత్తకి కూడా తెలియనీకు."

"కర్ర చిటుక్కుమంటే?"

"అది చెవికి వినపడేది కాదు అల్లుడా. అరికాలికి వినపడుద్ది." బీడీ తిరిగి కట్టలో దోపి అన్నాడు, "అయినా నువ్వుంటావుగా. నీకు వినపడితే అరవకు. నేను ఎటు తిరిగి ఉంటే అటు గోడ మీద నీ దీపం మూడుసార్లు ఊపు. చూసుకుంటాను."

అలా ఆయనకు నేను చెవులయ్యాను.

అరికాలి మాట గొప్పకు చెప్పింది కాదు. ఎండలు మొదలైన కొత్తల్లో ఒకరోజు డ్రిల్లు మోగిపోతోంది. నా చెవుల్లో ఆ మోత తప్ప ఇంకేమీ లేదు. మామ కాపలా కర్రకు రెండడుగుల్లో నిలబడి ఉన్నాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. డ్రిల్లు ఆగింది.

"సామాను తియ్యండి."

"ఏం వినపడింది మేస్త్రీ?" అన్నాడు పొడుగోడు. మా ముఠాలో బొగ్గెత్తేవాడు, నోరు ఊరుకోని మనిషి.

"నీకు వినపడనిది."

అప్పుడు వినపడింది నాకు, పేను కుక్కినంత చప్పుడు. అందరం సామాను మోసుకుని వెనక్కి వచ్చాం. మంచినీళ్ళు తాగి లేచే లోపల గోఫ్ కూలింది. గాలి వచ్చి ఒళ్ళంతా దుమ్ము కొట్టింది. పొడుగోడు కళ్ళు తుడుచుకుంటూ, "గోడలకి చెవులుంటాయంటారు గానీ, అన్నీ తెచ్చి ఈయనకే పెట్టాడు దేవుడు!" అన్నాడు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నేను తల దించుకుని సుత్తి తుడిచాను.

ఇంట్లో సంగతి వేరు. ఉన్నది ఒక్కటే గది. మధ్యలో ఒక చీర అడ్డం కట్టుకుని అటు అత్తామామా, ఇటు మేమిద్దరం. ఆరేళ్ళకు నా భార్యకు నెలలు నిండుతున్నాయి.

"బిడ్డ పుడితే ఎక్కడ పడుకోబెడతావ్? నీ దీపం టోపీలోనా?" అనేది.

"గది వేస్తున్నాగా."

"గోడలు వేశావు. గోడలకి పైన ఏదన్నా కప్పుతారని ఎవరూ చెప్పలేదా నీకు?"

రేకులు సంపాదించాను. వాటి కింద వెయ్యడానికి కర్రలు లేవు. పొడుగోడు సంగతి తెలుసుకుని ప్రతిరోజూ పని దగ్గర అందుకునేవాడు. "ఏం అల్లుడూ, గది ఎంతదాకా వచ్చింది? పనంతా ఊరి కప్పు నిలబెట్టడం. సొంత ఇంటికి ఆకాశమే కప్పు!" నవ్వులాటకే అన్నాడు. ఇల్లరికపు మనిషికి నవ్వులాట నవ్వులాటలా దిగదు. ఈ ఇంట్లో ఇది నాది అని చూపించడానికి చెయ్యి చాచితే గోరంత జాగా లేదు నాకు. ఆ గది ఒక్కటి పూర్తయితే చాలనిపించేది.

గని పైన దుంగల యార్డు ఉంది. మామకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక యార్డులో దుంగలు ఏరే పని నాకు అప్పజెప్పాడు. షిఫ్టుకు గంట ముందు పోయి కిందికి దించాల్సినవి ఏరి పెట్టాలి. పగిలినవి కనిపిస్తే సున్నంతో అడ్డగీత గియ్యాలి. గీత పడ్డ దుంగ గనిలోకి దిగదు. ఎవరికి కావాలంటే వాళ్ళు పొయ్యిలోకి పట్టుకుపోవచ్చు. అది పాత పద్ధతి. గేటు దగ్గర కాపలావాడు గీత చూసి వదిలేస్తాడు, దుంగను చూడడు.

ఎండిన దుంగలు ఒక వారగా పేర్చి ఉండేవి. రెండేళ్ళు ఎండినవి. చెయ్యి వేస్తే ఎముకలా తగిలేవి. సన్నగా, నిటారుగా, నా గదికి కొలిచి కోసినట్టు ఉండేవి.

మొదటి రోజు రెండింటికి గీత గీశాను. కాపలావాడు బీడీ కాలుస్తూ, "ఏవయ్యా, ఈ ఏడు దుంగలన్నీ పగుళ్ళేనా?" అన్నాడు.

"ఎండలు" అన్నాను.

"అవును. మనుషులే పగిలిపోతున్నారు." అని గేటు తీశాడు.

ఆరు రోజుల్లో పన్నెండు. ఏడో రోజున గోడల మీద ఎక్కించాను. మామ షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కొత్త గదిలోకి వచ్చాడు. పైకి చూశాడు. పక్కనున్న కర్రతో ఒక దూలాన్ని కొట్టాడు. అది గుడిగంటలా మోగింది. ఆయనకు వినపడలేదు. వేలితో సున్నం గీత తడిమాడు. గీత కింద పగులు కోసం వెతికాడు. లేదు.

"పగిలినవేనా?" అని నా మొహం చూశాడు.

"పగిలినవే మామా."

చాలాసేపు చూశాడు. అరవనక్కర్లేకుండా పెదాలు కదిపితే చాలు నా మాట ఆయనకు అర్థమయ్యేది. ఆ వేళ పెదాలు కాక కళ్ళు చూశాడు.

"చాలు. ఇంక ఒక్కటి కూడా తేవద్దు" అన్నాడు. గుమ్మం దాటాక ఆగి, మొహం అటే పెట్టుకుని, "ఎండిన కర్ర గనిలో లేకపోతే పని ఆపిస్తాను నేను. తెలుసుగా" అన్నాడు.

ఆయన గుట్టు నా దగ్గర ఉంది. నా గుట్టు ఆయన చేతిలో పడింది. ఇద్దరం ఒకే కంచం దగ్గర కూర్చున్న దొంగలమయ్యాం. అన్నం తింటుంటే అత్త, "మామా అల్లుళ్ళు మౌనవ్రతం పట్టారేవిటి?" అంది. ఇద్దరిలో ఒకరికి వినపడింది.

తర్వాతి వారం స్తంభం పెద్దది. కప్పు బరువెక్కింది. రోజుకో కాపలా కర్ర మార్చాల్సి వచ్చింది. యార్డులో ఎండిన పేర్పు రోజురోజుకూ తరిగింది. కొత్త బండి వచ్చింది. వచ్చినవన్నీ అడవిలో నిన్న మొన్న నరికిన పచ్చివి. నరికిన చోట చెయ్యి పెడితే తడి. ఎండినవి ఇంకో బండి ఎప్పుడొస్తుందని అడిగితే రెండు రోజులన్నారు.

ఆ తెల్లవారి చూస్తే ఎండిన పేర్పు ఉండే చోట నేల కనిపించింది. పన్నెండు రోజులకు సరిపోయేవి నా ఇంటి మీద ఉన్నాయి.

కిందికి పోయి మామతో లేదని చెబితే అయిపోయేది. పని ఆపేవాడు. ఓవర్‌మన్ ఎందుకాపావంటాడు. దుంగలు అయిపోయాయంటాడు మామ. నెలకు సరిపడా తెప్పించినవి ఎట్లా అయిపోయాయంటారు. గీతలు గీసింది ఎవరంటారు. నా భార్య కొత్త గదిలో అలుకుతోంది, కడుపు మీద ఒక చెయ్యి పెట్టుకుని. ఇదంతా దుంగల ముందు నిలబడి ఆలోచించాను. రెండే రోజులు కదా అనుకున్నాను. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నానో.

పచ్చివాటిలో సన్నగా ఉన్నదాన్ని ఏరాను. తెగిన మొహాలకు బొగ్గుపొడి పులిమాను. తడి పీల్చుకుని అవి నల్లగా, పాతవాటిలా అయ్యాయి.

కింద ఎప్పుడూ దుంగను ఇద్దరం చెరోకొస పట్టేవాళ్ళం. బరువు తెలిస్తే కనిపెడతాడు. "నీ మోకాలు మామా, నేను మోస్తాలే" అని ఒక్కణ్నే భుజానికెత్తుకున్నాను. పచ్చికర్ర బరువు భుజం కోసింది. నిలబెట్టాను. పైన చెక్క చీలిక కొట్టి బిగించాను. మామ సుత్తి వెనక్కి తిప్పి ఒక్క దెబ్బ కొట్టాడు.

బొద్దుమంది.

అక్కడ నేనూ ఆయనా తప్ప ఎవరూ లేరు. మిగతావాళ్ళు ఇంకా దిగిరాలేదు. మామ నా మొహం మీదికి దీపం తిప్పాడు.

"మోగిందా?"

"మోగింది మామా."

తల ఊపి పనిలోకి పోయాడు.

మొదటి రోజు ఏమీ కాలేదు. విరగలేదు గనక కర్ర మార్చలేదు. ఇంటికి వస్తే నా భార్య కొత్త గదిలో చాప వేసుకుని కూర్చుని ఉంది. "ఎంత చల్లగా ఉందో చూడు" అంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

రెండో రోజు, షిఫ్టు సగం గడిచింది. మామ గోఫ్ అంచున ఇంకో ఇనుప ప్రాపు బిగిస్తున్నాడు. కాపలా కర్ర ఆయన వీపు వెనక ఉంది. ఓవర్‌మన్, పొడుగోడు, నేను, ఇంకో ఇద్దరు పదిహేను అడుగుల ఇవతల ఉన్నాం. నేను ఆ కర్ర మీదనుంచి దీపం తిప్పలేదు నిన్నటినుంచి. అన్నం తింటున్నా దాన్నే చూస్తున్నాను.

కర్ర మధ్యలో ఏదో మెరిసింది. చెమట పట్టినట్టు నీటి బొట్లు. బరువుకు పచ్చికర్రలోంచి రసం బయటికొస్తోంది. చూస్తుండగానే అది వంగింది. నెమ్మదిగా, ఎవరో కూర్చోబోతున్నట్టు. చప్పుడు లేదు. పేను కుక్కినంత కూడా లేదు. నా అరికాళ్ళకూ ఏమీ తెలియలేదు. మామ ఒంగి ప్రాపు బిగిస్తూనే ఉన్నాడు.

పైనుంచి చిన్నచిన్న రాళ్ళు జల్లులా రాలాయి.

"మేస్త్రీ!" ఓవర్‌మన్ అరిచాడు. "మేస్త్రీ, రా ఇవతలికి!" పొడుగోడు అరిచాడు. అందరూ అరిచారు. నేనూ అరిచాను. ఆరేళ్ళలో ఆ ఇంట్లో గొంతెత్తి ఒక్క మాట అననివాణ్ని, మామా మామా అని గొంతు చిరిగేట్టు అరిచాను. నా దీపం నా నెత్తి మీదే ఉంది. ఆయన ఎదురుగా నల్లటి గోడ ఉంది. తల మూడుసార్లు ఊపితే చాలు. అరవకు అని చెప్పాడు ఆయన. వినపడే మనిషిని పిలిచినట్టు అరుస్తూ నిలబడ్డాను.

ఇనుప ప్రాపులు జారిన చప్పుడు చివర్లో వచ్చింది. తర్వాత గాలి. తర్వాత ఏ దీపమూ కనపడనంత దుమ్ము.

తవ్వి బయటికి తియ్యడానికి మర్నాటి మధ్యాహ్నం అయింది. తవ్వినవాళ్ళలో నేనున్నాను. పోవద్దన్నారు, పోయాను. ఆయన దొరికిన చోటికి మూడడుగుల దూరంలో కర్ర కొస కనపడింది. విరగలేదు. విల్లులా వంగి, నడుము దగ్గర పీచులేచి ఉంది. బెరడు కింద ఆకుపచ్చగా ఉంది. నేను దాని మీదికి పారతో రాళ్ళు లాగాను. పక్కనున్న పొడుగోడు ఏడుస్తున్నాడు, చూడలేదు.

ఎనిమిది రోజులకు ఆడపిల్ల పుట్టింది. కొత్త గదిలోనే.

పై నుంచి ముగ్గురు అధికారులు వచ్చి గని ఆఫీసులో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచారు. ఓవర్‌మన్ చెప్పింది తలుపు బయటికి వినపడింది. "అందరం అరిచాం సార్. ఒక్కసారి తిరిగి చూసి ఉంటే బతికేవాడు. మంచివాడే గానీ మొండి. తన కర్ర అరిస్తే గానీ కదలనని పట్టు."

నన్ను పిలిచారు. మంచినీళ్ళిచ్చారు.

"మీ మామగారికి వినికిడి సరిగ్గా ఉందా?"

లేదని చెబితే, ఆయన చెవుల బదులు ఎవరు విన్నారని అడుగుతారు. నిలబెట్టిన కర్ర మోగిందని చెప్పింది ఎవరని అడుగుతారు.

"బాగానే వినపడేది సార్."

"ఆ కర్ర ప్రాపు ఎలాంటిది?"

"ఎండిందే సార్."

రాసుకున్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి, "ఇక మీద ఈ కట్టెల ఆచారాలు ఉండకూడదు" అన్నాడు ఓవర్‌మన్‌తో.

ఉండలేదు. బయటినుంచి ఎవరూ ఆపనక్కర్లేకపోయింది. ముఠానే వదిలేసింది. మధ్యాహ్నం సద్ది మూట విప్పుతూ పొడుగోడు అన్నాడు, "ముప్ఫయ్యేళ్ళు నమ్మాడు గదా. ఆయన మీదికొచ్చిన రోజున ఆ కర్ర చిటుక్కుమనలేదు. వెధవ కర్ర!" అందరూ ఔనన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా ముద్ద మింగాను. ఆ రోజునుంచీ మా గోఫ్ అంచున ఇనుము ఒక్కటే నిలబడింది. నేనూ ఆ ఇనుము కిందే పనిచేశాను.

విచారణ కాగితం ఇంటికి వచ్చింది. నా భార్య బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పైకి చదివింది, వాళ్ళమ్మ వినాలని. 'సహ కార్మికులు పలుమార్లు హెచ్చరించినప్పటికీ లెక్కచేయనందువల్ల' అన్నచోట ఆగింది.

"ఏవిటి చెయ్యలేదంట?" అంది అత్త.

"లెక్క చెయ్యలేదంట."

"ఆయనా?" అత్త నవ్వినట్టు మొహం పెట్టింది. "చీమ చిటుక్కుమన్నా మనుషుల్ని బయటికి తోలేవాడు, ఆయన లెక్క చెయ్యలేదా?" లేచి వంటింటి వైపు పోయింది.

నా భార్య కాగితం మడిచింది. మడత మీద మడత వేస్తూ నా కేసి చూడకుండా అడిగింది.

"నాన్నకి వినపడదని చెప్పలేదా నువ్వు?"

ఆమెకు తెలుసని నాకు అప్పుడు తెలిసింది.

"చెప్పలేదు."

"ఎందుకు?"

బిడ్డ కదిలింది. ఆమె జో కొట్టింది. తర్వాత కాగితం బియ్యం డబ్బా మీద పెట్టి దాని మీద చెంబు పెట్టింది. ఆమె నన్ను అడిగిన ఆఖరి ప్రశ్న అది. అన్నం పెట్టమంటావా, నీళ్ళు తోడమంటావా, ఇవి ప్రశ్నలు కావు.

ఎండలు ఇంకా తగ్గలేదు. అత్త చాప మార్చింది. పాత గదిలో ఆయన పడుకున్న చోటు చూడలేనని బాలింతకు తోడుగా కొత్త గదిలోకి వచ్చేసింది. చీర అడ్డు తీసేశారు. పాత గది మొత్తం నాకు మిగిలింది. ఇది నాది అని చూపించడానికి అంత జాగా నాకు అంతకుముందెప్పుడూ లేదు.

ఒక మధ్యాహ్నం కొత్త గది గుమ్మంలో కూర్చుని ఉన్నాను. రేకులు కాలిపోతున్నాయి. లోపల బిడ్డ ఉయ్యాలలో ఉంది. నా భార్య తాడు లాగుతోంది. అత్త గోడకు ఆనుకుని బిడ్డ గుడ్డలు మడతపెడుతోంది. పైన ఒక దూలం చిటుక్కుమంది.

బిడ్డ ఉలిక్కిపడి చేతులు చాచింది. అత్త పైకి చూసి, ఆయన పోయిన తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఎండకి. ఎండిన కర్ర గదా, మాట్లాడుద్ది. మీ నాన్న ఇదే గదమ్మా చెప్పేవాడు, నా చెవులు తూట్లు పొడిచేసేవాడు ఈ మాట చెప్పి చెప్పి." గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఇంకా పైకే చూస్తోంది. "ఇంత మంచివి పన్నెండు ఉన్నాయి మన నెత్తి మీద. ఆయన పక్కన ఇట్లాంటిది ఒక్కటి లేకపోయిందా అల్లుడూ?"

ఆమె మామూలుగానే అడిగింది. మొహంలో ఏమీ లేదు.

ఉయ్యాల తాడు ఆగింది. నా భార్య తల ఎత్తింది. దూలాల మీద సున్నం గీతలు ఇంకా తెల్లగానే ఉన్నాయి, నేను తుడవలేదు. ఒక చివరనుంచి మొదలుపెట్టి ఇంకో చివరదాకా చూసుకుంటూ పోయింది. ఒక్కో గీత దగ్గరా ఆగి, దాని కింద పగులు కోసం చూసింది, వాళ్ళ నాన్న వెతికినట్టే.

పైన మళ్ళీ చిటుక్కుమంది.

చిటుక్కుమంటే సామాను సర్దుకోమనేవాడు మామ. నేను గుమ్మంలో కూర్చున్నచోటే కూర్చున్నాను.